ఊరి పేరు దగ్గర

పెళ్ళికూతురు ఇంకా గౌరీపూజ దగ్గరనే ఉన్నదట. ఆమెను గంపలో కూర్చోబెట్టి మోసుకురావలసిన మేనమామ ఉయ్యూరు నుంచి పెందలాడే బయలుదేరాడు గాని, చల్లపల్లి దాటిన తరువాత కారు చక్రానికి మేకు దిగిందట. ముహూర్తానికి కావలసినంత వ్యవధి ఉన్నదని ఎవరికి వారు ఎదుటివారికి ధైర్యం చెబుతూ కంగారుపడుతున్నారు. నేను మాత్రం ఈ తాటాకు పందిరి క్రింద, పీట మీద, గుడివాడ నుంచి వచ్చిన వరుణ్ణి ఎదురుగా పెట్టుకొని, చేయవలసిన పని ఏదీ లేక కూర్చున్నాను. గణపతి పూజ అయినది, పుణ్యాహవాచనం అయినది, కలశం మీద కొబ్బరికాయ కుదురుగా నిలిచి ఉన్నది, పళ్ళెంలో అక్షతలు పసుపు తడితో మెరుస్తున్నవి. యౌవనం నుంచి పౌరోహిత్యంలోనే బ్రతికిన వాడికి పెళ్ళిపీటల దగ్గర ఈపాటి తీరిక దొరకడం అదృష్టం. నేను ఈ తీరికకే భయపడుతున్నాను. పని ఉన్నంతసేపు చేతులు నన్ను కాపాడుతవి. చేతులు ఖాళీ అయితే అది వస్తుంది. డాక్టరమ్మగారు దానికి ఇంగ్లీషులో ఒక పేరు, తెలుగులో ‘ఆందోళన’ అని ఒక పేరు చెప్పారు. నా మనస్సులో మాత్రం అది ఇప్పటికీ ‘అది’ మాత్రమే. అదిగో, కుడి అరచేతిలో తడి. ఉత్తరీయం అంచుతో తుడుచుకున్నాను. ప్రక్కన కూర్చున్న నా బావమరిది శ్రీహరి చూసీ చూడనట్టు దర్భలు సర్దుతున్నాడు. వాడు చూశాడని నాకు తెలుసు. నాకు తెలుసునని వాడికీ తెలుసు.

ఇక చెప్పవలసినది మహాసంకల్పం. కన్యాదానం చేసే తండ్రి చేత పలికించే ఆ దీర్ఘవాక్యం జలం మీద బుడగల వలె తేలియాడే అసంఖ్యాక బ్రహ్మాండాలతో మొదలవుతుంది. వాటిలో ఒక్క బ్రహ్మాండం, అందులో లోకాలు, ఆ లోకాలలో ఈ భూలోకం, దాని ద్వీపాలు, సముద్రాలు, మేరువుకు దక్షిణాన భరతఖండం, అందులో దండకారణ్యం, నదులు, నదుల నడుమ ఒక ప్రదేశం, ఆ ప్రదేశంలో ఈ ఊరు. ఆ మీదట బ్రహ్మదేవుని ఆయుర్దాయం నుంచి దిగివచ్చి ఈ సంవత్సరం, ఈ మాసం, ఈ తిథి, ఈ మనిషి, ఈ కన్య. ఉప్పుటేటి మీద గద్ద అంత ఎత్తున చుట్లు చుట్టి చుట్టి చివరకు ఒక్క చేప దగ్గరకు దిగినట్లుగా, అనంతం నుంచి ఒక పీట మీదికి దిగిరావడం ఆ వాక్యం పని. ఎన్ని వందల పెళ్ళిళ్ళలో దిగివచ్చానో లెక్క లేదు. పోయిన వైశాఖంలో ఒక్కసారి దిగిరాలేకపోయాను.

మౌఢ్యం వెళ్ళిన వెంటనే వచ్చిన ముహూర్తాలు అవి. అన్నాళ్ళు ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి లాకులు ఎత్తిన కాలువలా వచ్చి పడ్డాయి. కాదనడం నాకు రాదు. పంచె ముడిలో సెల్ ఫోను మోగుతూనే ఉండేది. ఒక ఇంట మాంగల్యధారణ చేయిస్తూ ఇంకొక ఇంటి వారికి మెడ వంచి ‘వస్తున్నాను, వస్తున్నాను’ అని చెప్పుకొనేవాణ్ణి. తెల్లవారుజామున బందరులో ఒక పెళ్ళి, అక్కడి నుంచి చల్లపల్లిలో ఒకటి, అక్కడి నుంచి కారులో మరొకటి. మూడు చోట్లా అవే కల్యాణమండపాలు, అవే ప్లాస్టిక్ పూలు, అదే ఎర్ర ముఖమలు కుర్చీ, కళ్ళలోకి కొట్టే అదే వీడియో దీపం. మూడవ పెళ్ళిలో మహాసంకల్పం ఎత్తుకొని బ్రహ్మాండాలు దాటి, ద్వీపాలు దాటి, నదుల దాకా వచ్చాను. బందరులో అయితే కృష్ణా గోదావరుల మధ్య అంటాము; పులిగడ్డ దాటి దివిసీమలోకి వస్తే కృష్ణ రెండు పాయల మధ్య అనడం మా నాన్నగారు నేర్పిన పద్ధతి. నోరు తెరిచాను. నేను నది దాటానా? దాటలేదా? ఇది ఏ ఊరు? కారులో కళ్ళు మూసుకొని ఉన్నాను, అవనిగడ్డ వచ్చిందా రాలేదా? ఎదురుగా ఉన్న ముఖాలు ఎవరివి? దీపం వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. గుండె డప్పులా కొట్టుకున్నది, చేతులు మంచులా చల్లబడినవి, నాలుక అంగిటికి అతుక్కున్నది. కోటి బ్రహ్మాండాల మధ్య నేను ఒక్కణ్ణి వ్రేలాడుతున్నాను; దిగడానికి ఊరు లేదు. శ్రీహరి నా చెవి దగ్గర ఊరి పేరు చెబుతున్నాడట, నాకు వినబడలేదు. వాడే అందుకొని ముగించాడు. నేను చచ్చిపోతున్నాననుకున్నాను. బందరు ఆసుపత్రిలో గుండె పరీక్ష చేసి, ‘నిక్షేపంలా ఉంది పంతులుగారూ’ అన్నారు. ఆ మాట విని సంతోషించవలసింది పోయి మరింత భయపడ్డాను. గుండెకు జబ్బు లేకపోతే ఆ కొట్టుకున్నది ఏమిటి?

“పంతులుగారూ, ఈలోగా ఏదన్నా శ్లోకం చదవకూడదూ? ఊరికే కూర్చున్నట్టు పడుతోంది కేసెట్లో,” అంటున్నాడు వీడియో కుర్రవాడు.

“ఊరికే కూర్చున్నారు గాబట్టి ఊరికే కూర్చున్నట్టు పడుతుంది. మా పంతులుగారిని సినిమా యాక్టరు చేస్తావా ఏంటి?” ఇది పెళ్ళికూతురి నాయనమ్మ, కనకమహాలక్ష్మిగారు. ఆవిడ పందిరి రాటకు వీపు ఆనించి కుర్చీ వేసుకొని పెళ్ళి యావత్తూ అక్కడి నుంచే నడుపుతున్నారు. పెళ్ళి మండపంలో చేద్దామని కొడుకు ఎంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. మనుమరాలి పెళ్ళి నాగాయలంకలో, ఈ వాకిట్లో జరగవలసిందేనన్నారు. “ఏం నాయనా శాస్త్రీ, మజ్జిగ తాగుతావా? మొహం అట్లా పీక్కుపోయిందేం? మీ ఆవిడ అన్నం పెట్టటంలేదా?”

“కన్యాదానం అయ్యేదాకా ఏమీ పుచ్చుకోనమ్మా.”

“మీ నాన్నగారూ ఇంతే. ఒట్టి మొండి మనిషి.”

నవ్వాను. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు సుబ్బరత్నంతో చెప్పివచ్చాను: ఈ పెళ్ళిలో నోరు రాకపోతే పెద్ద కార్యాలన్నీ శ్రీహరికి అప్పగించి తప్పుకుంటానని. వైశాఖం నుంచి ఇప్పటిదాకా మహాసంకల్పం వచ్చినప్పుడల్లా గొంతు బాగాలేదని వాడి చేతనే చెప్పించాను. చిన్న వ్రతాలు, నామకరణాలు, ఇంటి అరుగు మీద చెప్పుకొనేవి మాత్రం నేను చేసుకొన్నాను. సుబ్బరత్నం గుమ్మంలో నిలబడి, “తప్పుకోవడానికేం, తప్పుకోవచ్చు. తరవాత పొద్దున్నే లేచి ఎవరితో పోట్లాడతారు? నాతోనేగా?” అన్నది. ఆమె కళ్ళలో నీరు ఉన్నదని ఆమె గొంతులోని పరిహాసం వల్లనే నాకు తెలిసింది.

నన్ను ఆ డాక్టరమ్మగారి దగ్గరకు పంపినవాడు ఈ కన్యాదాత పిచ్చేశ్వరరావే. ఇదిగో, పట్టుపంచెలో ఇబ్బందిపడుతూ నా ఎడమప్రక్కన భార్యతో కూర్చొని ఉన్నాడు. చూపు మాటిమాటికీ వీధిలోకి, మేనమామ అయిన తన బావమరిది కారు కోసం. అన్ని రొయ్యల చెరువులు చేసి, అంత గట్టి మనిషి అనిపించుకొన్నవాడు. భాద్రపదంలో చెరువు దగ్గర వినాయకుడి పూజకు పిలిచి, పూజ అయ్యాక గట్టు మీద నడిపిస్తూ, “శాస్త్రిగారూ, మీకు దిష్టి తీయించటంతో తగ్గదండీ. నాకూ వచ్చింది. తెల్లమచ్చ తెగులొచ్చి సరుకంతా పోయిన ఏడు, ఈ గట్టెక్కాలంటే కాళ్ళు వణికేవి. నీళ్ళల్లోకి చూడలేకపోయేవాణ్ణి. మనవాళ్ళకి చెప్తే నవ్వుతారని గుడివాడలో పనుందని అబద్ధం చెప్పి వెళ్ళేవాణ్ణి,” అన్నాడు. ఆ డాక్టరమ్మగారి ఊరు గుడివాడ. శనివారాలు బందరు వచ్చి కోనేరు సెంటరు దగ్గర ఒక మందుల దుకాణం పై గదిలో చూస్తారట. “మందులకంటే మాటలెక్కువండీ ఆవిడ దగ్గర. కానీ మాట్లాడించేది మనచేతే,” అన్నాడు. చెరువు నీటికి గాలి పట్టించే చక్రాల చప్పుడులో ఆ మాట నాకు సగమే వినబడింది. సగం చాలు.

ఆ మెట్లు ఎక్కిన మొదటి శనివారం గుర్తు వస్తే ఇప్పటికీ సిగ్గు. ఎవరూ గుర్తుపట్టకూడదని మా అబ్బాయి చొక్కా తొడుక్కొని, పిలక కనబడకుండా తలకు మఫ్లరు చుట్టుకొని, ఉక్కపోతలో చెమటలు కారుతూ మూల బెంచీ మీద గోడవైపు తిరిగి కూర్చున్నాను. వేదం చదివినవాడు, నిత్యం గాయత్రి చేసేవాడు, పదిమందికి మనశ్శాంతికి శాంతులు చేయించేవాడు మనోవైద్యం కోసం వరుసలో కూర్చోవడమేమిటి? ఔషధం లేక వచ్చానా, నమ్మకం లేక వచ్చానా? అనుష్ఠానంలో లోపం వల్ల వచ్చిందా ఇది? ఆ ప్రశ్నలను గోడకు చెప్పుకుంటున్నాను. అంతలో వెనుక నుంచి, “శాస్త్రిగారండీ! మీరేనా! గుర్తుపట్టలా చొక్కాలో!” అని చల్లపల్లి మాణిక్యమ్మగారు. “నాకు దడండీ. బస్సెక్కితే చాలు, దడ. ఈవిడ మంచిదండీ, కసరదు. మీకూ దడేనా? అయ్యో, పెద్ద పెద్దోళ్ళక్కూడా వస్తుందన్నమాట. అయితే శాస్త్రిగారూ, మా చిన్నదానికి మాఘంలో ఏదన్నా మంచి ముహూర్తం...” గదిలోని వారంతా ఇటు తిరిగారు. నేను మఫ్లరు విప్పి, చెమట తుడుచుకొని, అక్కడే వేళ్ళ మీద నక్షత్రం లెక్క కట్టి ఆవిడకు ముహూర్తం చెప్పాను. దాచుకోవడానికి ఇక ఏమీ మిగలలేదు. ఆ రోజు నేను పొందిన మొదటి చికిత్స అదే అనుకుంటాను, డాక్టరమ్మగారి గదిలోకి పోకముందే.

డాక్టరమ్మగారి పేరు ఇంద్రజ, మా మేనకోడలి వయస్సు ఉంటుంది. నా అనుష్ఠానమంతా ఓపికగా విన్నారు. ఊపిరి గురించి చెప్పబోతే, “ప్రాణాయామం నాకు క్రొత్త కాదమ్మా. మూడు సంధ్యలలోనూ చేస్తాను,” అన్నాను, కొంచెం గర్వంగానే. “చాలా మంచిది. ఒకసారి ఎట్లా చేస్తారో చూపించండి, నేర్చుకుంటాను,” అన్నారు. వేళ్ళు ముక్కు మీద పెట్టాను, మంత్రం ముగిసింది, వేళ్ళు దిగినవి. “అయిపోయిందాండీ?” అని అమాయకంగా అడిగారు. నాకు చెవులు వేడెక్కినవి. ఎవరో ఆవలిస్తే చిటిక వేసినంతసేపు కూడా పట్టలేదు. ఎన్ని సంవత్సరాలుగా నేను ఊపిరిని కాదు, ముక్కును తాకుతున్నాను? ఆవిడ నవ్వలేదు. “మీకు తెలిసినదే, మీ శాస్త్రం చెప్పిన తీరులో, తొందర లేకుండా చేయండి. నేను క్రొత్తది ఏదీ చెప్పడంలేదు,” అన్నారు. ఆ సాయంత్రం సంధ్యలో పూరకం, కుంభకం, రేచకం అనే మాటలు మాటలుగా కాక గాలిగా నాలోకి వచ్చినవి. దాని వల్ల భయం పోలేదు. కాని భయానికీ నాకూ మధ్య కాస్త చోటు దొరికింది.

మరొక శనివారం, కాదనడం నేర్పుతానన్నారు. “నేను గృహస్థురాలిని, మీరు పురోహితులు. మీకు ఆ రోజు వేరే పెళ్ళి ఉన్నది. నన్ను కాదనాలి. సరేనా? నమస్కారమండీ శాస్త్రిగారూ, ఆ రోజే మా గృహప్రవేశం అండీ.” నేను గొంతు సవరించుకొని, “ఆ రోజు కుదరదమ్మా,” అన్నాను. “అయ్యో, మా మామగారు మీ చేతిమీదుగా జరగాలని పట్టుబట్టారండీ.” “సరే అమ్మా, తెల్లవారుజామున పెట్టుకుంటే వచ్చి...” ఆవిడ రెండు చేతులూ ఎత్తి, “లేని ఇంటికి కూడా గృహప్రవేశం ఒప్పేసుకున్నారండీ మీరు!” అని ఈసారి నిజంగానే నవ్వారు. నేనూ నవ్వాను. వైశాఖం తరువాత కడుపులో నుంచి నవ్వడం అదే. మళ్ళీ మళ్ళీ చెప్పించారు. కాదన్న మాట తరువాత సంజాయిషీ చెప్పకుండా ఆగడం అన్నిటికంటె కష్టమైనది. ఇప్పుడు రోజుకు ఒక్క పెళ్ళికే వెళుతున్నాను. కార్తికంలో ఒక మోతుబరికి కుదరదని చెబితే ఆయన నాలుగు మాటలన్నాడు; అని, వేరొకరిని పిలుచుకున్నాడు; ఆ పెళ్ళి జరిగింది. నేను లేకుండా ఒక పెళ్ళి జరిగిందన్న సంగతి నాకు మొదట అవమానంగాను, పడుకోబోయే వేళకు అమృతంగాను తోచింది.

కారు శబ్దం. అందరూ లేచారు. కాదు, పాల వ్యాను. కనకమహాలక్ష్మిగారు, “కూర్చోండి, కూర్చోండి, మేనమామ పాలక్యానులో రాడు,” అన్నారు. పందిరి అంతా నవ్వింది. ఒక్క పిచ్చేశ్వరరావు నవ్వలేదు. అతని మోకాలు పంచె క్రింద అదురుతున్నది. ఎందుకో ఇంతసేపూ అతనిని కన్యాదాతగా చూశాను గాని, అదురుతున్న మోకాలుగా చూడలేదు. నాది ఒక్కటే అరచేయి కాదు ఈ పందిరిలో తడిసినది.

అది వచ్చినప్పుడు ఏమి చేయాలో కూడా చెప్పారు ఇంద్రజగారు: కంటికి కనబడేవి, చెవికి వినబడేవి, ఒంటికి తగిలేవి, వాసన, రుచి, ఒక్కొక్కటే మనసులో చెప్పుకొని చూడమన్నారు. “శబ్దస్పర్శరూపరసగంధాలు,” అన్నాను వెంటనే. “పేర్లు మీకు నాకంటె బాగా తెలుసు. ఇప్పుడు ఈ గదిలో మీకు వినబడుతున్నది ఏది?” అని అడిగితే తెల్లబోయాను. ఫ్యాను తిరుగుతున్నది, క్రింద దుకాణంలో ఎవరో తలనొప్పి మాత్రలు అడుగుతున్నారు, బజారులో రిక్షా గంట. ఇంతసేపూ అవి ఉన్నవి, నేను లేను. ఇప్పుడు చేస్తాను. కనబడేది: కలశం మీద మామిడాకు, కొనలో చిన్న పురుగు తిన్న రంధ్రం. వరుడి బుగ్గన చుక్క, చెమటకు కొంచెం కారినది. వినబడేది: సన్నాయి తాత్సారంగా లాగుతున్న స్వరం, వంటల వైపు గరిటె చప్పుడు. తగిలేది: పీట చెక్క, మోకాలి క్రింద దర్భ. వాసన: క్రొత్త తాటాకు, దాని వెనుక కృష్ణ మీది నుంచి వచ్చే బురద వాసన, ఇంకా వెనుక ఉప్పు. బందరులో ఇట్లా ఉండదు. చల్లపల్లిలో ఇట్లా ఉండదు. ఇది దివి.

ఇంకొక సాధన పెట్టారు. చదువుతూ చదువుతూ కావాలని ఆగిపోవడం. ఎదుటివారు చూస్తుండగా ఆగి, ఆ నిశ్శబ్దంలో కూర్చొని, ఆకాశం కూలిందేమో చూసుకోవడం. ఇంట్లో సుబ్బరత్నం ఎదుట మొదలుపెట్టాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. నేను పురుషసూక్తం మధ్యలో ఆగాను. ఆమె తల ఎత్తి, “ఏం, కాఫీ కావాలా?” అన్నది. కాదన్నాను. “మరి చదవండి, బావుంది,” అని మళ్ళీ చిక్కుడుకాయలలో పడిపోయింది. ఆకాశం కూలలేదు. చాలాసార్లు ఆగాను. ఇంట్లో కూలలేదు. పెళ్ళిపందిరిలో ఎన్నడూ ఆగి చూడలేదు. అది ఈ రోజు.

చివరి శనివారం ఇంద్రజగారు, ఇంతకుముందు ఎప్పుడైనా, ఎవరైనా, సంకల్పం మధ్యలో ఆగడం చూశారా అని అడిగారు. లేదని చెప్పబోతుండగా ఎక్కడి నుంచో ఇసుక వాసన వచ్చింది. నేను ఇంకా నేర్చుకొనే రోజులలో, ఉప్పెన తీసిపోయిన తరువాత నాన్నగారి వెంట సముద్రం ప్రక్క పల్లెలకు వెళ్ళాను. ఒక పల్లె ఉండవలసిన చోట ఇసుక మేట వేసి ఉన్నది. అక్కడ కొండయ్య అనే పల్లెకారి, వలకు వెళ్ళి ఎక్కడో కొట్టుకుపోయి బ్రతికి వచ్చినవాడు, ఇంటిల్లిపాదికీ తిలోదకాలు వదలాలన్నాడు. నాన్నగారు అతని దోసిట నువ్వులు పోసి, నీళ్ళు పోసి సంకల్పం మొదలుపెట్టారు. కృష్ణ రెండు పాయల మధ్య, అన్నారు. ఆగిపోయారు. చాలాసేపు ఆగారు. దోసిలి సందుల్లోంచి నీరు చుక్కలుగా కారుతున్నది. నాన్నగారికి పేరు మరపు వచ్చిందేమోనని నాకు ఒళ్ళు జలదరించింది. తరువాత ఆయన స్పష్టంగా ఆ పల్లె పేరు పలికారు. తిరుగుదారిలో, “ఆ ఊరు లేదు కదా నాన్నగారూ, నాగాయలంక అని అనవలసింది కాదా?” అని అడిగాను. ఆయన, “నీది ఏ ఊరు అంటే ఇక ముందు వాడు ఏం చెప్పుకుంటాడురా?” అన్నారు. అంతే. ఇది విని ఇంద్రజగారు అడిగారు. “ఆగినప్పుడు మీ నాన్నగారు ఎటు చూస్తున్నారు?” “కొండయ్య ముఖంలోకి.” “వైశాఖంలో ఆగినప్పుడు మీరు ఎటు చూస్తున్నారండీ?” నేను వీడియో దీపంలోకి చూస్తున్నాను. దాని వెనుక కన్యాదాత ఉన్నాడు. అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తులేదు.

సన్నాయి ఒక్కసారి హెచ్చింది. మేనమామ వచ్చాడు. చేతులకు చక్రం మసి ఇంకా ఉన్నది, కడుక్కోమని ఒకరు, వేళ దాటుతుందని ఒకరు. గంప ఎత్తారు. వెదురు గంపలో ముడుచుకొని కూర్చొన్న సునీత, కొబ్బరిబోండాం పట్టుకొని, ఎక్కడ పడిపోతానోనని కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నది. “మావయ్యా, నెమ్మది, నెమ్మది!” “నువ్వు తిండి తగ్గించుకుంటే నేను నెమ్మదిగానే మోసేవాణ్ణే!” నవ్వులు. తెర పట్టారు. శ్రీహరి నావైపు వంగి, “బావగారూ, నేనందుకోనా?” అని గొంతులోనే అడిగాడు. వాడి దయకు నాకు కన్ను చెమర్చింది. వద్దని తల ఊపాను. పిచ్చేశ్వరరావు దోసిట అక్షతలు, నీరు పోశాను. వీడియో దీపం వెలిగింది. అరచేయి మళ్ళీ తడిసింది. తడవనీ.

మొదలుపెట్టాను. బుడగల వలె బ్రహ్మాండాలు. గుండె వేగం పెరుగుతున్నది, పెరగనీ. లోకాలు, ద్వీపాలు, ఉప్పు సముద్రం పేరు వచ్చినప్పుడు గాలిలో నిజంగా ఉప్పు ఉన్నది. మేరువుకు దక్షిణం. భరతఖండం. గొంతు నాదేనా అనిపించింది, అయినా నడుస్తున్నది. దండకారణ్యం. నదులు. కృష్ణ రెండు పాయల మధ్య. అది వచ్చింది. వెనుక నుంచి మెడ పట్టుకొన్నట్టు వచ్చింది. నాలుక అంగిటికి చేరబోతున్నది.

ఆగాను.

సన్నాయి లేదు, మాట లేదు. ఎవరో దగ్గారు. “ఆగిపోయారేంటి? కెమెరా రన్నింగులోనే ఉందండీ,” అన్నాడు వీడియో కుర్రవాడు. శ్రీహరి పెదవులు ఊరి పేరు పలకడానికి విచ్చుకున్నవి. చేయి ఎత్తి వారించాను. ఊపిరి పీల్చాను, నిలిపాను, వదిలాను. దీపం వైపు నుంచి కళ్ళు త్రిప్పి పిచ్చేశ్వరరావు ముఖంలోకి చూశాను. కణత మీద నరం కొట్టుకుంటున్నది. పెదవులు నా పెదవులను చూస్తూ అనుసరించడానికి సిద్ధంగా ఉన్నవి. దోసిలి వణుకుతున్నది, నీరు చుక్కలుగా మోకాలి మీద పడుతున్నది. సంకల్పం ఇతనిది. బిడ్డను ఇచ్చేది ఇతడు, ఎక్కడ నిలబడి ఇస్తున్నాడో చెప్పుకోవలసినది ఇతడు. నేను చెప్పించేవాణ్ణి మాత్రమే. ఇన్నేళ్ళూ ఎందరి ఊళ్ళను నా ఒక్క నాలుక మీద మోశాను?

“పిచ్చేశ్వరరావుగారూ, ఊరి పేరు మీరే చెప్పండి.”

“నేనాండీ?” అన్నాడు తెల్లబోయి.

“సంకల్పం మీదే కదా. నెమ్మదిగా చెప్పండి. ఎక్కడ ఉన్నాము?”

అతడు చుట్టూ చూశాడు. పందిరిని, వాకిటిని, తెర వెనుక కూతురి నీడను, తల్లిని. నా కళ్ళలోకి చూసినప్పుడు, చెరువు గట్టు మీది మనిషి ఒక్క క్షణం కనబడ్డాడు. దోసిలి వణుకు తగ్గలేదు గాని మాట వచ్చింది. “నాగాయలంక అండీ,” అన్నాడు. నేను దానిని సంస్కృతంలోకి త్రిప్పి అందించాను, అతడు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని పలికాడు. నా కాళ్ళ క్రింద నేల వచ్చి ఆనింది. భయం ఎక్కడికీ పోలేదు. నా ప్రక్కనే, దర్భల దగ్గర, పెళ్ళికి వచ్చిన చుట్టంలా కూర్చొని ఉన్నది. దాన్ని అట్లాగే కూర్చోనిచ్చి, సంవత్సరం పేరు ఎత్తుకోబోయాను.

రాట దగ్గర నుంచి కనకమహాలక్ష్మిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, పందిరి అంతా వినేటట్టు, “మీ నాన్నగారూ అక్కడే ఆగేవారు నాయనా. ఆయన పోయాక మంత్రాల్లో మా ఊరి పేరు స్పష్టంగా వినబట్టం మళ్ళీ ఇదే,” అన్నారు.